ఆ ఒక్కరు మా అత్త

మా మేనత్త పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను టేకులపల్లిలో రోడ్డు మీద నిలబడి, సికిల్ సెల్ పరీక్ష చేయించుకోండని కరపత్రాలు పంచుతూ, వినని ఒకాయనతో గొడవ పడుతున్నాను. "అత్త పోయిందిరా, జల్దీ రా" అని నాన్న ఫోన్ పెట్టేశాడు. నొప్పి ఛాతీకి పాకిందట. దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే అయిపోయింది. ఎదుటి మనిషి ఇంకా ఏదో అంటున్నాడు. మిగిలిన కరపత్రాలు ఆయన చేతిలోనే పెట్టి బయల్దేరాను.

ఆ జబ్బు అత్తదే. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నరాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోటల్లా నొప్పి. ఒళ్ళు ఎండకూడదు, చలి తగలకూడదు. అందుకే ఎటు పోయినా అత్త భుజాన నీళ్ళ సొరబుర్ర వేలాడేది. వేసవి మొదట్లో ఇప్పపూలు ఏరబోయేటప్పుడు కూడా స్వెటర్ తొడుక్కునేది.

"ఏందే, మంచుకొండలకు పోతున్నవా?" అని తోటి ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

"అవ్, మీకూ ఓ గడ్డ తెస్త తియ్" అనేది.

నొప్పి వచ్చిన రోజు మాత్రం మంచం పట్టె పట్టుకొని గోడవైపు తిరిగి పడుకునేది. చూడబోయిన వాళ్ళను, తల తిప్పకుండానే, "నీళ్ళు తాగినవా?" అని అడిగేది.

ఆ జబ్బు మీద దొరికిన ప్రతి కరపత్రమూ చదివాను. ఒకదాంట్లో 'జన్యు లోపం' అని ఉంటే చింపి పారేశాను. లోపమా? ఎప్పుడో ఎవరి రక్తంలోనో వచ్చిన చిన్న మార్పు అది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక సగమే వస్తే మామూలుగా జబ్బు ఉండదు. పైగా మలేరియా ముదిరి ప్రాణం తీయకుండా కొంత కాపు కాస్తుంది. ఇద్దరి నుంచీ వచ్చి రెండు సగాలు కలిస్తేనే జబ్బు. ఈ అడవి జ్వరాల్లో మా తాతలు బతికి బట్టకట్టారంటే అందులో దాని చేయీ ఉండొచ్చు. మరి లోపమని రాసేవాడెవడు? ఇదంతా అత్తకు ఊగిపోతూ చదివి వినిపించాను.

"నాకు రెండు సగాలున్నయి గద అల్లుడా. రెండింతలు కాపాడాలె మరి?" అన్నది.

చేతిలో కాగితం మడిచాను. అత్తే మళ్ళీ అందుకుంది. "మా అయ్యను జ్వరాల నుంచి కాపాడిందేమో. ఖమ్మంల ఆటో నడిపే మీ చిన్నాయనకూ ఓ సగముంది. మంచీ చెయ్యలే, చెడూ చెయ్యలే. కిరాయి కట్టకుండ ఇంట్ల పడున్న సుట్టం లెక్క. నన్నేమో తింటున్నది. తిట్టుడెందుకు, మొక్కుడెందుకు? ఎవలింట్ల ఎట్లున్నదో చూసుకోవాలె గని."

అత్త కూతురు నాకు మరదలు. చిన్నప్పటి నుంచీ అనుకున్న సంబంధం. ఇద్దరికీ ఇష్టమే. ఊళ్ళో రక్త పరీక్షలు పెట్టినప్పుడు అందరికంటే ముందు నేనే వేలు చాపాను. నాకు ఒక సగం ఉందని తేలింది. రెండు సగాలున్న తల్లి కడుపున పుట్టిన మరదలికి ఒక సగం ఎలాగూ తప్పదు.

మా పల్లెల్లో మేనరికం కాదన్నవాళ్ళు పెద్దల ముందు తప్పు కట్టాలి. ఎవరూ అడగకముందే అత్త ఆ తప్పు కింద ఒక మేకను తోలుకొచ్చి మా పందిరి గుంజకు కట్టేసింది.

"అన్నా, పిల్లనియ్య" అన్నది.

"నా కొడుకేం తక్కువైండే?" నాన్న లేచి నిలబడ్డాడు.

"తక్కువ గాదు. ఆడూ నా బిడ్డా ఒక్కతీరున్నరు. అదే తిప్పలు."

నేను ఆగలేకపోయాను. "పుట్టే నలుగురిల ఒక్కరికి రావొచ్చు అత్తా, రాకపోనూ వచ్చు! లెక్క గంతే!" అని అరిచాను.

అత్త సొరబుర్ర దించి ఒక గుక్క తాగింది. మూత పెట్టింది.

"ఆ ఒక్కరు నేనేరా, అల్లుడా."

నాన్న మేకవైపు చూసి, దానికి ఇన్ని నీళ్ళు పెట్టమన్నాడు.

మరదలికి, పరీక్షలో ఏ సగమూ లేదని తేలిన కుర్రాడితో పెళ్ళయింది. అత్త మాత్రం నన్ను చివరిదాకా అల్లుడా అనే పిలిచింది. కరపత్రాలు పంచడం నేను ఆ పెళ్ళి తర్వాతే మొదలుపెట్టాను. ఊరూరా అరిచి గొంతు పోయింది. అది లోపమా, వరమా అని ఇప్పుడెవరైనా అడిగితే వాదించను. మీ ఇంట్లో ఎవరికెన్ని సగాలో చూసుకున్నారా అని మాత్రం అడుగుతాను.

అత్తను మట్టి చేసి వచ్చాక వాళ్ళ ఇంటి పందిరి కింద కూలబడ్డాను. మరదలు నిండు కడుపుతో మెల్లగా నడిచొచ్చి, గుంజకు తగిలించి ఉన్న అత్త సొరబుర్ర తీసింది.

"నీళ్ళు తాగినవా, బావా?"

తాగాను. తర్వాత తను అందుకుంది. ఒక చెయ్యి కడుపు మీద ఆనించి, తల పైకెత్తి, ఎక్కడా ఆగకుండా తాగుతూనే ఉంది.