కింది బోల్టు ముందు విప్పిన రోజు

పది రోజులుగా మా స్కూటీ వెనక చక్రం దగ్గర్నుంచి కుయ్యిమని ఒక మూలుగు వస్తోంది. వెనక కూర్చునే మా ఆయనకే అది ముందు వినబడింది.

"గేరు ఆయిల్ పాడైందే. వానలకి రోడ్డెక్కిన కొల్లేటి నీళ్ళలోంచి ఎన్నిసార్లు పోనిచ్చావు?" అన్నారు.

పోనివ్వక ఏం చేస్తాను? వారానికి మూడు రోజులు ఆయన్ని డయాలసిస్‌కి ఏలూరు తీసుకెళ్ళాలి. ఆ దారంతా చేపల చెరువులే. మధ్యలో బండి ఆగితే పలికే మనిషి ఉండడు.

మా ఊరి మెకానిక్ తాడేపల్లిగూడెంలో ఏదో పెళ్ళికని వెళ్ళి నాలుగు రోజులైంది. మేమే మార్చుకుందామని ఆయిల్ సీసా కొని తెచ్చుకున్నాం. మర్నాడు ఆయనకి ఆయాసం, నాకు లేచే ఓపిక లేదు. అలా అలా మళ్ళీ డయాలసిస్ రోజే వచ్చింది. పన్నెండింటికి ఆయన మిషను మీద ఉండాలి. ఎనిమిదింటికి పెరట్లో బండికి స్టాండు వేశాను.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి నరం కలిపి కుట్టిన చెయ్యి ఆయనది. దాంతో బరువెత్తకూడదు, దేన్నీ మెలితిప్పకూడదు. అందుకని కుర్చీలో కూర్చుని ఆయన చెప్పడం, కింద కూర్చుని నేను చెయ్యడం.

"కింద బోల్టు కనబడుతోందా? విప్పు."

విప్పాను. కోసిన నీళ్ళసీసాలోకి ఆయిల్ దిగింది. పాలెక్కువైన టీ రంగులో ఉంది. నీళ్ళు చేరాయన్న మాట. చివరి బొట్టు దాకా కారనిచ్చాను.

"ఇప్పుడు పైబోల్టు తీసి కొత్తది పోసెయ్."

పైబోల్టు రాలేదు. ఎన్నేళ్ళ తుప్పో. రెండోసారి బలంగా లాగేసరికి పానా జారి బోల్టు అంచులు అరిగిపోయాయి. వేళ్ళ మీద చర్మం లేచింది. అప్పుడాయన తల పట్టుకున్నారు.

"పైది వస్తుందో రాదో చూశాకే కిందది విప్పాలే!"

"ఏవండీ, ఆ మాట ముందు చెప్పాలి కదండీ."

"మెకానిక్ అయితే నేను చెబితే వినేవాడా?"

"నేను మెకానిక్‌ని కాదుగా. మీరు చెప్పిందే చేశాను."

నేను బడికెళ్ళలేదు. మా నాన్న ఇంట్లో బైబిలు ముందు పెట్టి, వేలు పెట్టి చూపిస్తూ చదువు చెప్పారు. ఆయన వేలు ఎటు జరిగితే నా చూపు అటు. ఈ వయసులో కూడా ఎవరేం చెబితే అదే వరసలో చేసేస్తాను.

ఈ గొడవలో ఏలూరు వెళ్ళే తొమ్మిదింటి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ మధ్యాహ్నం దాకా బస్సు లేదు. ఆటో కోసం ఇద్దరికి ఫోను చేస్తే ఇద్దరూ స్కూలు పిల్లల్ని దింపడానికి వెళ్ళారట. అప్పటికే ఆయన పాదాలు నీరు పట్టి నిగనిగలాడుతున్నాయి. ఈరోజు తప్పితే మళ్ళీ ఎల్లుండే. అప్పటిదాకా ఊపిరి ఆడాలి. ప్రభువా, ఎలాగోలా పంపించు అనుకున్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన నోటికి రాలేదు.

"పడుకోబెట్టు," అన్నారాయన.

గబుక్కున లేచి చెయ్యి పట్టుకున్నాను. "కళ్ళు తిరుగుతున్నాయా?"

"నన్ను కాదే తల్లీ, బండిని! కిందబోల్టు కన్నం పైకొచ్చేలా పడుకోబెట్టి అందులోంచే ఎక్కించు."

గోనెసంచులు పరిచి బండిని కుడివైపుకి ఒరిగించాను. పెట్రోలు అడుగునే ఉండబట్టి ఒలకలేదు. ముందురోజు పోయించడం బద్ధకించినందుకు కూడా స్తోత్రం చెప్పుకున్నాను. ఆయనకి రక్తం పట్టడానికి చేసే ఇంజెక్షన్ల సిరంజి ఒకటి తెచ్చి సూది తీసేశాను. చిక్కటి ఆయిల్ నెమ్మదిగా పీల్చడం, కన్నంలోకి నెమ్మదిగా నొక్కడం. ఆయన లెక్కపెడుతున్నారు, నేను నొక్కిన ప్రతిసారీ లోపల స్తోత్రం అనుకుంటున్నాను. సీసా ఖాళీ అయ్యేసరికి ఇరవై నాలుగు. బోల్టు బిగించి, ఇద్దరం మూడు చేతులతో బండిని లేపాం.

స్టార్టయింది. మూలుగు పూర్తిగా పోలేదు గాని, తగ్గింది.

దారిలో పెట్రోలు పోయించుకుని ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట. ఆయన మంచం ఇంకెవరికీ ఇచ్చెయ్యలేదు. నర్సు గడియారం చూసింది.

"అయిదింటికి తర్వాతి వాళ్ళొస్తారమ్మా. సూదులు పెట్టి మొదలుపెట్టేసరికి ఒంటిగంటన్నర. మళ్ళీ మిషను కడగాలి. ఈపూట మూడు గంటలే ఇస్తాం. ఇంటికెళ్ళాక నీళ్ళు తాగడం బాగా తగ్గించెయ్యండి."

ఆయనకి ఎప్పుడూ పెట్టేది నాలుగు గంటలు. ఆయన నావైపు చూశారు. ఆ చేతికి సూదులు పెడుతుంటే మొహం అటు తిప్పుకున్నారు.

బయట బల్ల మీద కూర్చున్నాను. ఎంత కడిగినా గోళ్ళలో నలుపు పోలేదు. దొరికిన మూడు గంటలకీ స్తోత్రం చెప్పాను. నాలుగో గంట సంగతి దేవుణ్ణి అడుగుదామనుకుంటూనే గోడకి తల ఆనించి నిద్రపోయాను.