వాన డబ్బా జరిపింది నేనే

పదకొండేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. కావిడి అయితే భుజమైనా మార్చుకుందును. ఇది అలా కాదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అక్షరాలు వంకరగా పడతాయి. అయినా ఇది ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు.

మాది కొత్తపేట దగ్గర ఊరు. నా కూతురి కూతురు విశాఖలో వానల మీద, గాలుల మీద పరిశోధన చేసేది. ఒక వేసవిలో వాన కొలిచే డబ్బా తెచ్చి, మా వాకిటి నడిమధ్య ఇటుకలు పేర్చి నిలబెట్టింది. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి అందులో నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. ఆ పని నాకు అప్పగించింది.

"అమ్మమ్మా, దీన్ని అంగుళం కూడా కదపకూడదు. పైన చెట్టుగానీ చూరుగానీ అడ్డం ఉండకూడదు."

"కదిపితే ఏమవుద్దే, వాన అలిగి వెళ్లిపోద్దా?"

"నా చదువు వెళ్లిపోద్ది."

"ఆయ్, చిత్తం పంతులమ్మగారూ! నీ డబ్బాకి రోజూ హారతి కూడా ఇస్తాను, పో."

నవ్వింది. నేనూ నవ్వాను.

మొదటి వానాకాలం మాట నిలబెట్టుకున్నాను. రెండో ఏడు ముసురు వదల్లేదు. రాలిన కొబ్బరికాయ పారెయ్యడం నాకు చేతకాదు, పగలగొట్టి చిప్పలు ఎండబెడతాను. వాకిట్లో ఎండ బాగా పడే చోటు ఆ నడిమధ్య ఒక్కటే. ఒకరోజు కాస్త ఎండ కాసింది. ఈ పూటకే కదా అనుకుని డబ్బాని, ఇటుకల్ని తీసుకెళ్లి నూతి పక్క కొబ్బరి చెట్టు కింద పెట్టాను. ఆ ఏడూ, తర్వాత రెండేళ్లూ అది అక్కడే ఉంది. అంకెలు మాత్రం ఒక్క పొద్దు తప్పలేదు. జ్వరంలో కూడా రాశాను. గీత మీద ఉన్నదే రాస్తున్నాను కాబట్టి అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. మరి మనవరాలు వస్తోందని తెలిసిన ప్రతిసారీ డబ్బాని మోసుకొచ్చి మళ్లీ నడివాకిట్లో ఎందుకు పెట్టాను? తప్పని తెలియకపోతే ఆ దాపరికం ఎందుకు?

దాని చదువు అయింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఈమధ్య నన్ను తన తరగతికి తీసుకెళ్లింది. తెర మీద నా చేతిరాత, గోడంత. నా వంకర అంకెలే.

"మా ఊళ్లో రెండో ఏటి నుంచి వాన తగ్గిపోయిందని ఈ పుస్తకమే చెప్పింది," అంటోంది పిల్లలతో. "చుట్టుపక్కల ఎక్కడా అలా లేదు. ఈ లెక్క తీసెయ్యమన్నారు మా సారు. తియ్యనండీ అన్నాను. మా అమ్మమ్మ పాలల్లో చెంచాడు నీళ్లు కలిసినా పట్టేస్తుందండీ, ఆవిడ తప్పు రాయదండీ అన్నాను. నా మొదటి వ్యాసం దీని మీదే."

పిల్లలు లేచి నిలబడి నాకు చప్పట్లు కొట్టారు. వాన తగ్గలేదు. కొబ్బరి మట్టలు అడ్డుపడ్డాయి. ఆ గదిలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. డబ్బా జరిపినంత మాత్రాన వాన మారిపోతుందా అనుకున్నదాన్ని, కాగితం మీద వాన మారిపోతుందనీ, ఆ కాగితాన్ని నమ్ముకుని నా పిల్ల పెద్దవాళ్లతో పోట్లాడుతుందనీ నా బుర్రకి ఎందుకు తట్టలేదు? నోరు తెరిచాను. ఎవరో కాఫీ ఇచ్చారు. తాగాను కూడా. ఎలా తాగానో!

వారం రోజులు నన్ను నేనే నిలదీసుకున్నాను. నా భయం దాని ఉద్యోగం గురించా, తప్పు రాయని అమ్మమ్మ అన్న నా పేరు గురించా? రెండోదే ఎక్కువ. రాయడానికి సిగ్గుగా ఉంది.

నిన్న పొద్దున్న దానికి ఫోన్ చేసి చెప్పేశాను. ఒక్కొక్కటే అడిగింది. ఏ చెట్టు? మొదలుకి ఎన్ని అడుగులు? ఏ నెలలో జరిపావు? ఏ ఒక్కదాని చివరా అమ్మమ్మా అని లేదు. అటువైపు రాసుకుంటున్నట్టుంది, కాగితం చప్పుడైంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుర్తులేని చోట గుర్తులేదన్నాను. క్షమించమనడానికి నోరు రాలేదు. అది ఫోన్ పెట్టేసింది.

ఆ వ్యాసం ఏమవుతుందో, నలుగురి ముందూ అది ఏమని చెప్పుకుంటుందో తెలియదు. మళ్లీ ఫోన్ రాలేదు. ఈ పూట మాత్రం చాలా రోజులకి అన్నం రుచి తెలిసింది. తెలిసినందుకు సిగ్గేసింది. అయినా విస్తట్లో మెతుకు మిగలకుండా తిన్నాను.