ఎర్లిండా పెరట్లో రెండో పాము

ఎడారిలోని ఆహో అనే ఊళ్ళో ఎర్లిండా పెరటికి గడ్డి లేదు, పూలమొక్కలు లేవు. ఉన్నదంతా గులకరాళ్ళు, ఒక సగ్వారో జెముడు, ఇంక తుప్పు. పారలతో చేసిన కొంగలు, గుర్రపు నాడాలతో చేసిన అడవిపంది, పానాలతో చేసిన రోడ్‌రన్నర్ పిట్ట. ఊహ ఆవిడది, వెల్డింగ్ మొగుడు కాసిమిరోది. రాగి గనిలో ముప్ఫై ఏళ్ళు వెల్డింగ్ చేసి, ఇక ఇనుము మొహం చూడనని ఒట్టేసుకుని ఇంటికొచ్చిన మనిషి, వచ్చిన వారానికే పెళ్ళాం చేతికి చిక్కాడు.

ఆ ఏడు తోటల సంఘంవాళ్ళు పెరటి ఫోటోల పోటీ పెట్టారు. అందుకోసం కాసిమిరో సైకిల్ చైనుతో ఒక గిలకపామును, అంటే తోకను గిలక్కాయలా మోగించే ఎడారి విషప్పామును, చేశాడు. ఎర్లిండా చూసి, బాగుందనలేదు.

"ఒక్కటే అయితే బోసిగా ఉంది. జోడు చెయ్యి."

"నాకింకేం పని లేదనుకున్నావా?"

"ఏముంది?"

కాసిమిరో సణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

తుప్పు మీద మంచి రంగు వచ్చేది పొద్దు పొడిచాక పది నిమిషాలే. మర్నాడు ఎర్లిండా ఆ వేళకే కెమెరా పట్టుకుని పెరట్లోకి వచ్చింది. కెమెరాకు అడ్డమని కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుంది. పిట్ట కాళ్ళ దగ్గర చూస్తే రెండు పాములున్నాయి. పైకి సణిగినా మాట విన్నాడే అని ఆవిడ మనసు కరిగిపోయింది. వరసగా ఏడు ఫోటోలు తీసింది.

ఎడమవైపుది మాత్రం కాస్త నీడలో ఉంది. చీపురుకర్రతో దాన్ని ముందుకు నెట్టింది. అది గిలగిలమని చప్పుడు చేసింది. తోకకు గిలక కూడా పెట్టాడన్నమాట, అనుకుని ఇంకా మురిసిపోయింది.

అంతలో కాఫీ కప్పుతో కాసిమిరో వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"జోడు బాగా కుదిరింది ముసలోడా. ఎప్పుడు చేశావు?"

"ఏ జోడు?" అని తొంగిచూసి, ఆయన కప్పు మెల్లిగా కింద పెట్టాడు. "లిండా, కదలకు."

"ఫోటో తీసేది నేను. నువ్వు కదలకు."

"నేను చేసింది ఒక్కటే లిండా."

ఎర్లిండా ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆ రోజు వంటింటి గుమ్మందాకా వెనక్కి నడిచినంత నేర్పుగా బస్సును ఏనాడూ వెనక్కి తీసి ఎరగదు. గుమ్మం ఎక్కగానే ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

అక్కణ్ణుంచి ఎల్డన్ అనే కుర్రాడు పొడుగాటి పటకారు, మూత ఉన్న బకెట్టు తెచ్చాడు. ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున పామును పట్టి బకెట్లో వేశాడు. ఠంగుమంది.

"అది నాది బాబూ. దేవుడిది ఆ పక్కన ఉంది," అన్నాడు కాసిమిరో ఎంతో మర్యాదగా.

అసలు పామును ఊరి బయట ఎండు వాగులో వదిలేశారు. ఎర్లిండా ఏడింటిలో మంచి ఫోటో ఏరి పోటీకి పంపింది. నెల తిరిగాక మూడో బహుమతి వచ్చింది. దానితో పాటు తీర్పరులు రాసిన చీటీ ఒకటి:

"కుడివైపు పాము పనితనం అమోఘం, ప్రాణం ఉట్టిపడుతోంది. ఎడమవైపుది తేలిపోయింది. తల మరీ లావు, చుట్ట సహజంగా లేదు. అది లేకుంటే మొదటి బహుమతి మీదే."

ఎర్లిండాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడే ఉత్తరం రాస్తాను. ప్రాణానికి తెగించి తీస్తే తేలిపోయిందట."

"ఎందుకులే," అన్నాడు కాసిమిరో, చీటీ మూడోసారి చదువుకుంటూ. "పెద్దవాళ్ళు చూసి చెప్పారు. తల కొంచెం లావే మరి."

సాయంత్రానికి ఆ చీటీ పటం కట్టి షెడ్డు గోడకు ఎక్కింది.

"బహుమతొచ్చింది నా ఫోటోకి. నువ్వు పటం కట్టింది చీటీకా?"

"ఫోటోలో దేవుడికీ వాటా ఉంది. చీటీలో పొగిడింది నన్నొక్కణ్ణే," అన్నాడాయన, మేకు ఇంకొంచెం గట్టిగా దిగ్గొడుతూ.

ఎర్లిండా వారం రోజులు అలిగింది. ఎనిమిదో రోజు పొద్దున్నే కళ్ళజోడు సరిగ్గా పెట్టుకుని, చీపురుకర్రతో అడవిపందిని రెండుసార్లు తట్టి చూసి, కెమెరా తీసింది.