అలలరాజు అయిదో భాగం

సుశీలకు చిన్నప్పటినుంచీ భయాలెక్కువ. ఉరుమంటే భయం, గేదెలంటే భయం, పడవెక్కమంటే ప్రాణం పోయినంత పని. బాపట్లలో మిషన్ బడి మాస్టారైన వాళ్ళ నాన్న జ్ఞానానందంగారు, ఈ పిల్ల తన నీడను చూసి తానే జడుసుకుంటుందని నవ్వేవారు. అలాంటి పిల్ల తెనాలిలో నర్సు ట్రైనింగు పూర్తిచేసుకుని, ఉద్యోగమంటూ వచ్చి సముద్రం దాపున ఉన్న అడవులదీవిలో పడింది. ఇల్లిల్లూ తిరిగి సూదిమందులు వెయ్యడం, పురుళ్ళు పొయ్యడం ఆమె పని.

పొద్దు వాలితే తోడెవరూ లేరు. రేపల్లె వెళ్ళినప్పుడల్లా ప్రకాశరావుగారి అద్దె పుస్తకాల కొట్లోంచి నవలలు తెచ్చుకునేది. అన్నిట్లోకీ 'అలలరాజు' అంటే పిచ్చి. సముద్రం అడుగున రాజ్యమేలే యువరాజుకీ, ఒడ్డున ఉండే నీలవేణి అనే పిల్లకీ నడిచే ప్రేమకథ అది. భాగాలు భాగాలుగా వచ్చేది. రేపల్లెలో ఆడపిల్లలందరికీ యువరాజు మీద మోజు. సుశీలకు మాత్రం నీలవేణి కావాలి. ఆ పిల్ల దేనికీ బెదరదు. తుఫాను లేస్తే ఒడ్డుకు పరుగెత్తి నవ్వుతూ చేతులు చాస్తుంది. చదవగా చదవగా ఆ ధైర్యంలో పిసరంత తనకూ అంటకపోతుందా అని సుశీల ఆశ.

1990 మే నెలలో తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. ఊరు ఖాళీ చేయించడానికి లారీలు వచ్చాయి. డెబ్భై ఏడు ఉప్పెన చూసినవాళ్ళు మారుమాటాడకుండా ఎక్కేశారు. సుశీల కూడా సంచి భుజాన వేసుకుని లారీ మీద ఒక కాలు పెట్టింది. అప్పుడే ఆ ఊరి ముసలామె మీరాబీ వచ్చి ఆమె చీర కొంగు పట్టుకుంది. కోడలు సైదాకు నొప్పులు మొదలయ్యాయి, లారీ ఎక్కే స్థితిలో లేదు. కొడుకు పడవను రేవులో కట్టెయ్యడానికి నిజాంపట్నం వెళ్ళాడు.

సుశీల దిగింది. దిగడానికి కారణం ధైర్యం కాదు. ఆ ముసలామె కొంగు వదల్లేదు, అంతే.

ఇద్దరూ కలిసి సైదాను నడిపించుకుంటూ బడికి చేర్చారు. ఊళ్ళో డాబా కట్టడం అదొక్కటే. పట్టపగలే చీకట్లు కమ్మాయి. గాలి ఈలవేయడం మానేసి బొంగురుగా అరవడం మొదలుపెట్టింది. కిటికీ రెక్క ఒకటి ఊడి ఎటో కొట్టుకుపోయింది. కాసేపటికి వరండాలోకి నీళ్ళొచ్చాయి. గుమ్మం దాటి లోపలికీ వచ్చాయి. సుశీల వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది. వాన నీళ్ళు కావవి, సముద్రం.

బెంచీలన్నీ దగ్గరికి జరిపి సైదాను వాటి మీద పడుకోబెట్టారు. నీళ్ళు మోకాళ్ళ దాకా పెరిగాయి. లాంతరు పట్టుకున్న మీరాబీ గోడవైపు తిరిగి దువా చదువుకుంటోంది. సుశీలకు బ్లేడు కాగితం విప్పడం కూడా చాతకాలేదు. నీలవేణి గుర్తొచ్చింది. ఇలాంటి గాలిలో నవ్వుతూ చేతులు ఎలా చాస్తుంది? ఆ నవ్వు తలుచుకుంటే ధైర్యం రాలేదు, ఒళ్ళు మండింది.

"మీకు భయంగా ఉందా అక్కా?" అంది సైదా, నొప్పికీ నొప్పికీ మధ్య.

లేదని చెప్పాలని ట్రైనింగులో నేర్పారు. సుశీల నోరు అబద్ధం చెప్పలేకపోయింది.

"ఉందమ్మా. చాలా భయంగా ఉంది."

"నాకూ ఉంది. అయితే నా చెయ్యి వదలబాకండి."

వదల్లేదు. ఒక చేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకునే, రెండో చేత్తో చెయ్యగలిగినంత చేసింది. చివరికి రెండు చేతులూ కావలసి వచ్చినప్పుడు సైదా ఆమె జడ పట్టుకుంది. ఆడపిల్ల పుట్టింది. ముందు ఏడవలేదు. సుశీల బిడ్డ కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద తట్టింది, మళ్ళీ తట్టింది. బిడ్డ ఏడ్చేసరికి తనూ ఏడ్చింది. భయం అప్పుడైనా పోలేదు. తనూ బెంచీ ఎక్కి, నీళ్ళు తగ్గి వాకిట్లో చచ్చిన గొర్రెలు కనపడేదాకా కాలు కింద పెట్టలేదు. మీరాబీ ఇల్లు ఆనవాలు లేకుండా పోయింది. కొడుకు మాత్రం ప్రాణాలతో తిరిగొచ్చాడు.

బస్సులు నడవడం మొదలయ్యాక రేపల్లె వెళ్తే, ప్రకాశరావుగారు అయిదో భాగం ఆమె కోసమే దాచి ఉంచారు. అందులో ఉప్పెన వచ్చింది. తాటిచెట్టంత అల మీద యువరాజు దిగాడు, నీలవేణి ఎగిరి అతని గుండెల మీద వాలింది. ఊళ్ళో జనం ఏమయ్యారో ఒక్క ముక్క లేదు. నీలవేణి తలలో మల్లెపూలు కూడా తడవలేదు. సుశీల సగంలోనే మూసేసి, మర్నాడే తిరిగిచ్చేసింది.

"అదేంటమ్మా, అందరూ దీనికోసం కొట్టుకుంటుంటే?" అన్నారాయన.

"ఇది రాసినాయన ఎప్పుడూ భయపడలేదు బాబాయిగారూ," అంది సుశీల.

ఆయన నొచ్చుకోకుండా వేరేవి ఇచ్చారు. డిటెక్టివ్ నవలలో శవాన్ని చూసి ఎవరికీ నోరెండదు. కుటుంబ నవలలో పురిటి గది తలుపు మూసుకోగానే పక్క పేజీలో ఉయ్యాల ఊగుతుంది. మాంత్రికుల కథల్లో భయం నిండా ఉన్నా, అది ఆమె ఎరిగిన భయం కాదు. దేన్ని చదివినా మోసపోయినట్టే అనిపించింది. కొన్నాళ్ళకు కొట్టుకు వెళ్ళడమే మానేసింది. అలవాటైన తోడు పోయినందుకు దిగులుపడింది కూడా.

తర్వాత భట్టిప్రోలు, ఆ తర్వాత తెనాలి ఆసుపత్రికి బదిలీ అయింది. అక్కడ ట్రైనింగు పిల్లలు దుప్పట్ల మడతల్లో నవలలు దాచుకుని చదువుతుంటే కసరలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం వాళ్ళే అడిగితే, అడవులదీవి సంగతి మొదలుపెట్టింది. పిల్లలు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. నీళ్ళు గుమ్మం దాటిన దగ్గరికి వచ్చేసరికి సుశీల ఆగి కిటికీ వైపు చూసింది. బయట చినుకులు పెద్దవయ్యాయి. మిగతాది వాన వెలిశాక చెప్తానని, ముందు ఆ కిటికీలు వెయ్యమంది.