పిన్నులు కొట్టిన అధ్యాయం

ఈ ఉదయం పెందుర్తి నుంచి మా వదిన, అంటే మావారి అక్క, ఫోన్ చేసింది. మనవరాలి బడిలో రోజుకో అధ్యాయం చొప్పున పిల్లలకు పుస్తకం చదివి వినిపిస్తారట. "ఏ పుస్తకం బాగుంటాదో నువ్వే సెప్పాలమ్మా" అంది. నేనే చెప్పాలట! ఒళ్లు మండిపోయింది. తర్వాత చేస్తానని పెట్టేసి, అలమారలోంచి పాత పుస్తకం ఒకటి తీశాను. ఎనిమిదో అధ్యాయం అంచుల్లో పిన్నుల రంధ్రాలు ఇంకా ఉన్నాయి.

అప్పట్లో స్టీలు ప్లాంటు వాళ్ల ఉక్కునగరంలో ఒక చిన్న బడికి వదిన హెడ్మిస్ట్రెస్, నేను మూడో తరగతి టీచర్ని. ఇంట్లో పెత్తనం చాలదన్నట్టు బడిలోనూ ఆవిడే. మధ్యాహ్నం భోజనాలయ్యాక చదివే పుస్తకాలు ఆవిడే ఎంచేది. ఎంచడమంటే ఏముంది, సంతలో వంకాయలు ఏరినట్టు తిప్పి చూడటమే. అక్షరాలు లావుగా ఉండాలి, చివర నీతి ఉండాలి, ఎవరూ ఏడవకూడదు. అవి చదువుతుంటే పిల్లలు ఆవలించేవారు, వాళ్లకంటే ముందు నేను. పంతం పట్టి పన్నెండు అధ్యాయాల పుస్తకం తెచ్చాను. చేపల వేటకెళ్లే ఒక తండ్రీ, ఆయన కూతురూ. ఎనిమిదిలో పడవ తిరిగి రాదు, తొమ్మిదిలో వస్తుంది. వదిన అంతా చదివి, ఎనిమిదో అధ్యాయం పేజీలన్నీ కలిపి స్టాప్లర్‌తో టకటకా పిన్నులు కొట్టేసింది. "మన పిల్లల నాన్నలు ప్లాంట్లో నిప్పుల కాడ పనిసేత్తారు. ఇది వద్దు" అంది. నా పీకే నొక్కినట్టయింది. ఆ శుక్రవారమే గోళ్లతో పిన్నులు పీకి, కసికొద్దీ గొంతు వణికిస్తూ మరీ చదివాను. పడవ జాడ లేదన్న చోట బెల్లు మోగింది. మర్నాడూ ఆ మర్నాడూ సెలవు.

సోమవారం పొద్దున్నే ముందు బెంచీ పిల్ల తండ్రి హవాయి చెప్పులతో బడికొచ్చాడు, కూతురి చెయ్యి పట్టుకుని. "ఏటి కత సెప్పేరు మేడమ్? నా సేఫ్టీ బూట్లు దాసీసింది. అవి లేకపోతే గేటు దాటనివ్వరు. నాను ఎల్తే మరి రానని ఒకటే ఏడుపు. రెండు డ్యూటీలు పోయాయి" అన్నాడు. వదిన నా కేసి చూడనైనా చూడలేదు. "నానే సదవమన్నాను బాబూ, తప్పు నాది" అని, పుస్తకం నా చేతిలో పెట్టింది. వరండాలో నిలబడే తొమ్మిదో అధ్యాయం చదివాను. ఈసారి గొంతు దానంతటదే వణికింది. పడవ ఒడ్డుకు తగిలాక ముందు బెంచీ పిల్ల, "బూట్లు బియ్యం డ్రమ్ములో ఉన్నాయి నాన్నా" అంది.

సాయంత్రం వదిన ఇంటికొచ్చి దులిపేస్తుందని జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. వచ్చింది, ఆవకాయ సీసా ఇచ్చి వెళ్లిపోయింది. ఆ ఆవకాయ నేను ముట్టలేదు.

ఇందాక తిరిగి ఫోన్ చేశాను. "ఆ పడవ పుస్తకమే పంపిస్తాను. ఎనిమిదీ తొమ్మిదీ ఒకేరోజు చదవమను" అన్నాను. ఇప్పుడైనా నన్నొక మాట అంటుందేమోనని చెవి రిక్కించాను. "సరేనమ్మా" అంది, అంతే. తిట్టాల్సిన ఆ ఒక్క తిట్టూ తిట్టకుండానే వదిన ముసలిదైపోయింది. అది పడకుండానే నేనూ ముసలిదాన్నైపోతున్నాను.