నల్లరాయి గోడకు పైపక్క

ఆ పొద్దున మా బత్తాయి తోటలో ఉన్నవి: బోరు లారీ, కంప్రెషర్ లారీ, ఇనుప రాడ్లు, కుంకుమ పెట్టిన నిమ్మకాయలు. ఉన్నవాళ్లు: బాపు, పెద్దబాపు, చిన్నమ్మ, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని, అది నిటారుగా నిలబడిన చోట నీళ్లున్నాయని చెప్పే ముసలాయన, భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివిన నేను. లేనివి నీళ్లు. పాత బోరు ఎండిపోయింది. నూట అరవై చెట్లు ఆకులు ముడుచుకున్నాయి.

తోట వేసిన మా చెలకకు అడ్డంగా ఒక నల్లరాయి వరుస పోతుంది. అదెలా పుట్టిందో ముందురోజే బాపుకు చెప్పాను. భూమి లోపలంతా కరిగిన రాయి సముద్రంలా ఉంటుందని జనం నమ్మకం. అది తప్పు. ఎంత వేడి ఉన్నా, పైనున్న బరువుకు అక్కడి రాయి చాలావరకు గట్టిగానే ఉంటుంది. బరువు తగ్గినచోట కొంత కరుగుతుంది. కరిగినది తేలిక కనుక పైకి వస్తుంది, పగులు దొరికితే దూరుతుంది, అందులోనే చల్లారి గోడలా నిలబడిపోతుంది. మా గోడ చల్లారి దాదాపు రెండు వందల కోట్ల ఏళ్లు. వాలు మీది నుంచి లోపల దిగివచ్చే నీళ్లను అది ఆపుతుంది. కాబట్టి దానికి పైపక్క బోరు వేయాలి.

బాపు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకోకుండా కరిగిన రాయి సంగతి ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

రెండు వందల అడుగుల దగ్గర చిన్నమ్మ బోరు పొడిని పిడికిట్లోకి తీసుకుని వెంటనే వదిలేసింది.

"కాల్తాంది."

"బిడ్డా, నువ్వు చెప్పిన రాయి గిదేనా?" అన్నాడు పెద్దబాపు.

"అది ఎప్పుడో సల్లారింది పెద్దబాపు. గీ వేడి రాడ్ల కొసకున్న సుత్తె దెబ్బకు పుట్టింది. దంచితే రోకలి వేడెక్కదా?"

"రోట్లె కారం దంచుతం. భూమిని దంచుతమా?"

"దిగువకు పోన్రి అని ముందే చెప్పిన," అన్నాడు ముసలాయన. "సదువుకున్న పోరడు నిప్పు మీదికి తోలిండు."

"నిప్పు పదుల కిలోమీటర్ల కింద ఉంటది తాతా."

"పోయి చూసినవా?"

"నీ కొబ్బరికాయ చూసిందా?"

"అది నిలబడ్డది గద."

ఇలాంటి తర్కానికి యూనివర్సిటీలో జవాబు నేర్పరు. చిన్నమ్మ పసుపు నీళ్లలో వేపాకు వేసి, భూదేవి చల్లబడాలని పొడి కుప్ప మీద సాక పోసింది. కొంచెం ఆవిరి లేచింది. రుజువు దొరికినట్టు అందరూ దండం పెట్టారు. బోరు మేస్త్రీకి అడుగుల లెక్కన కూలి, అవి ఎవరి నమ్మకం మీద పడ్డా ఒకటే. పెద్దబాపు ఆపి దిగువకు పొమ్మనగానే రాడ్లు పైకి లాగేశాడు.

"బాపు, ఇంకో వంద అడుగులు," అన్నాను.

"అన్న మాట ఎట్ల తీసెయ్యాలె బిడ్డా," అన్నాడు, నా మొహం చూడకుండా.

కొబ్బరికాయ నిలబడిన చోట, గోడకు దిగువన, నాలుగు వందల అడుగులు తవ్వారు. తడి లేదు. ఆ పొడి కూడా అంతే వేడిగా వచ్చింది. ఈసారి నేను తప్ప ఎవరూ చేయి పెట్టి చూడలేదు. నా బోరు నోటి మీద పెద్దబాపు బండ పెట్టించాడు, నిప్పు బయటికి రాకుండా.

ఎండలు ముదిరాక చెట్లు ఒక్కొక్కటే కట్టెలయ్యాయి. అడిగినవాళ్లకల్లా పెద్దబాపు ఒకటే చెప్పేవాడు: "మా పిల్లగాడు లోపలి నిప్పును గెలికిండు, దాని సెగ తగిలింది."

వానలు పడ్డాక తోటంతా తిరిగి లెక్క పెట్టాను. బతికినవి పంతొమ్మిది.