మాకు పాటల కంప్యూటర్ ఎందుకు?

కంప్యూటర్‌ను దగ్గర నుంచి చూసినవాళ్లు ఎల్లారెడ్డి మొత్తంలో పట్టుమని పదిమంది లేని కాలమది. అయినా దాని గురించి ప్రతి మగవాడికీ ఒక గట్టి అభిప్రాయం ఉండేది. అది వస్తే నౌకరీలన్నీ పోతాయని ఒకరు, చెప్పులు విప్పకుండా ఆ గదిలోకి పోతే దానికి జబ్బు చేస్తుందని ఇంకొకరు, ఏసీ లేని ఊళ్లో అది బతకనే బతకదని మరొకరు, బస్టాండు హోటల్లో చాయ్ తాగుతూ తేల్చి చెప్పేవారు. ఇందరి మధ్యలో దాన్ని నిజంగా నేర్చుకున్న మనిషి ఒకతె ఉండేది. ఆ మనిషిని నేనే. నన్ను మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. నెత్తి సగం తెల్లబడ్డాక కూడా ఆ మాట తలచుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి (మా ఇంట్లోవాళ్లు దీన్ని బీపీ అంటారు, కాదు).

మా నాన్నకు, అంటే బాపుకు, ఒక కిరాణా దుకాణం మీది అంతస్తులో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున మొదలైతే ఆ టకటక చప్పుడుకు కింద బేరమాడేవాళ్లు గొంతు పెంచి మాట్లాడుకోవాల్సి వచ్చేది. నేను కూడా ఆ మిషన్ల మీదే నేర్చుకుని, పరీక్షలు పాసై, అక్కడే పిల్లలకు నేర్పేదాన్ని. రానురాను ఆ చప్పుడు పలచబడింది. పిల్లలు కామారెడ్డి బస్సెక్కి కంప్యూటర్ క్లాసులకు పోసాగారు. కరపత్రమైనా లగ్గం పత్రికైనా అందరూ కామారెడ్డికే పరుగు. అప్పుడు బాపును బతిమాలి నేనూ ఆ బస్సే ఎక్కి, తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో కూర్చే పని నేర్చుకున్నాను. మనం అక్షరాలు కూర్చి, ప్రింటర్‌తో మంచి కాగితం మీదికి తీసిస్తే చాలు, అచ్చు వేయడం ప్రెస్సువాళ్ల పని. అది ఎల్లారెడ్డిలోనే చేస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మన దగ్గరికే వస్తారని బాపుకు చెప్పాను. బాపు చాలా రోజులు ఆలోచించి, మా అవ్వ, అంటే అమ్మ పేరు మీద ఉన్న చిట్టీ ఎత్తాడు. ఉన్నది ఆ ఒక్క చిట్టీయే. కొన్నది పనికి రాకపోతే ఇంకోటి కొనే తాహతు లేదు. ఇన్‌స్టిట్యూట్‌కు తాళం వేసి బాపు ఏ మిల్లులోనో గుమాస్తాగా చేరాల్సిందే.

ఇంత పెద్ద పనికి ఎవరిని ముందు పెట్టాలి? ఆ పని నేర్చుకున్నదాన్నా? కాదు. మా బావను. అక్క భర్త మస్కట్‌లో ఒక ఆఫీసు బండి నడిపి అప్పుడే తిరిగొచ్చాడు. అక్కడ సాహెబు గదిలోని కంప్యూటర్‌ను ఒకసారి ఈ గది నుంచి ఆ గదికి మోశాడట. మా ఇంట్లో అది డిగ్రీతో సమానమైపోయింది. "ఆయన లోకం చూసినోడు బిడ్డా, నువ్వు ఎన్క ఉండి సూడు" అన్నాడు బాపు. నేను వెనక ఉండి చూశాను. ఆ రోజంతా బావ అత్తరు వాసన, వీపు తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు.

కామారెడ్డిలో స్టేషన్‌కు పోయే దారిలో ఉండేది దుకాణం. దాని యజమానిని అందరూ సేటు అనేవారు. ఆయనకు ఒక విద్య తెలుసు. ప్రశ్న నేనడిగితే జవాబు బావకు చెప్పేవాడు. ర్యామ్ ఎంతని నేనడిగాను. "ముప్పై రెండు సార్" అని ఆయన బావ వైపు తిరిగి చెప్పాడు. బావ కళ్లు సగం మూసి, ఆ ముప్పై రెండూ తనకు చిన్నప్పటి నుంచి పరిచయమే అన్నట్టు తలాడించాడు. తర్వాత అక్కడున్న డబ్బాలను ఒక్కొక్కటీ ఎత్తి చూసి, బరువున్నదే మంచిదని తేల్చాడు (పుచ్చకాయ కొనేటప్పుడు కూడా ఆయనది ఇదే పద్ధతి, అక్కడైనా అది పనిచేస్తుంది). బాపు కీబోర్డు ముందు కూర్చుని నాలుగు వేళ్లు ఆడించి చూసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "సప్పుడే రాకపోతే పిల్లలు నేర్సుకుంటున్నరో నిద్రపోతున్నరో నాకెట్ల తెలుస్తది?" అని అడిగాడు. ఆ రోజు దుకాణంలో వినిపించిన తెలివైన మాట అదొక్కటే.

మా దగ్గరున్న డబ్బుకు రెండు దారులు. ఒకటి, తెలుపు నలుపు తెర, మామూలు డబ్బా, దానికి లేజర్ ప్రింటర్. రెండోది, కలర్ తెర, సీడీ పెట్టే సొరుగు, రెండు నల్లటి స్పీకర్లు. ప్రింటర్ ఉండదు. సేటు రెండోదాంట్లో ఒక సీడీ పెట్టి పాట వినిపించాడు. తెర మీద రంగురంగుల బొమ్మలు కదిలాయి. బావ మొహం నిజాంసాగర్ గేట్లెత్తినట్టు విప్పారింది. నేను బాపు చొక్కా పట్టుకుని లాగి, ప్రింటర్ లేకుంటే మన పనే లేదని చెప్పాను. కాగితం బయటికి రాకపోతే ఎవరైనా పైసలిస్తారా అని అడిగాను. సేటు విననట్టుగా విని, ప్రింటర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు సార్ అన్నాడు, మళ్లీ బావతోనే.

"జర ఆగు పిల్లా, ముందుగాల మిషన్ రానియ్యి" అన్నాడు బావ.

"మనకు పాటల కంప్యూటర్ ఎందుకు బావా? పాటలకు ఇంట్ల రేడియో లేదా?" అన్నాను.

బావ నవ్వాడు. సేటు నవ్వాడు. బాపు మాత్రం నవ్వలేదు, కానీ డబ్బు తీసి ఇచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆడవాళ్ల సీటు ఒకటే ఖాళీ ఉంది. నేను కూర్చోబోతుంటే బావ అందులో మానిటర్ పెట్టె పెట్టాడు, కింద పెడితే అదురుతుందని. కండక్టర్ దానికి కూడా టికెట్టు కొట్టాడు. టికెట్టుంది కాబట్టి దాన్ని లేపే హక్కు నాకు లేకపోయింది. లింగంపేట దాటి ఎల్లారెడ్డి దాకా నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను, అది కిటికీ పక్కన దర్జాగా కూర్చుని వచ్చింది.

ఇన్‌స్టిట్యూట్‌లో అవ్వ దానికి కొబ్బరికాయ కొట్టి, తెర మీద కుంకుమ బొట్టు పెట్టింది. ఆ మరునాటి నుంచి పాటలే పాటలు. వాడ మొత్తం మెట్లెక్కి వచ్చేది. బీడీలు చేసే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని గోడ పొడుగునా కూర్చున్నారు. వాళ్ల పని సాగింది, నా పని సాగలేదు. టైపు నేర్చుకునే కొద్దిమంది పిల్లలు మిషన్ల మీద చేతులు పెట్టి తెర వైపే చూసేవారు. అందులో ఒకడు సెలవు చీటీ టైపు చేయమంటే పాట పల్లవి కొట్టి ఇచ్చాడు. బావ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, వచ్చినవాళ్లకు మస్కట్ సంగతులు చెప్పేవాడు.

అలాంటి ఒక రోజు లింగంపేట నుంచి ఒక రైతు వచ్చాడు. బిడ్డ లగ్గం ఉందని, ఎల్లారెడ్డిలోనే పత్రిక తయారవుతుందని విని వచ్చానని చెప్పాడు. నేను పాటలు ఆపించి, ఆయన చెప్పిన పేర్లన్నీ కూర్చి, గణపతి బొమ్మ పెట్టి, తెర మీద చూపించాను. ఆయన చాలా సంతోషించాడు. బిడ్డ పేరు మీద వేలు పెట్టి, ఆ తెలుగు అక్షరాల వంపులు మెచ్చుకున్నాడు. తర్వాత అరచేయి చాచి, "మంచిగున్నది బిడ్డా, ఇగ ఇయ్యి" అన్నాడు. ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? ఆయన మెల్లగా లేచి, కాగితం అటు నుంచి వస్తుందేమోనని మానిటర్ వెనక్కి వెళ్లి చూశాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. "కాకా, ఒక్క నాలుగొద్దులు ఆగు" అని అడిగాను. లగ్గం దగ్గర పడుతోందని, అంతకంటే ఎక్కువ ఆగలేనని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. వెనక బావ మళ్లీ పాట పెట్టాడు.

ఆ మరునాడే బావ, అక్క నిజాంసాగర్‌లో చుట్టాలింటికి దావత్‌కు పోయారు. వాళ్ల బస్సు కదిలిందో లేదో, నేను వైర్లు పీకడం మొదలుపెట్టాను. మానిటర్, స్పీకర్లు, సీడీ సొరుగు, అన్నీ వచ్చినప్పటి పెట్టెల్లోనే సర్దాను. బాపు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. కోప్పడతాడని నేను ఒక పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. బాపు పెద్ద పెట్టె భుజానికెత్తుకుని బస్టాండు దాకా వచ్చి, నన్ను బస్సెక్కించాక ఒకే ఒక్క మాట అన్నాడు: "మీ బావ వచ్చేటాళ్లకు వస్తవ్ కద?" చెప్పాల్సిన ఉపన్యాసం చెప్పకుండానే బస్సు కదిలింది. ఆ కోపమంతా కూడగట్టుకుని కామారెడ్డిలో దిగాను.

"సార్ రాలేదా?" అన్నాడు సేటు, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తూ.

"రాలే. నేనే వచ్చిన" అన్నాను.

ఇవి తీసుకుని ప్రింటర్ ఇవ్వమని అడిగాను. ఆయన గోడ మీద బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తిసుకోబడదు అని రాసి ఉంది (అందులో 'తీ'కి దీర్ఘం కూడా లేదు, అది నా కోపాన్ని ఇంకా పెంచింది). సరేనని మానిటర్ పెట్టె దుకాణం మధ్యలో పెట్టి దాని మీద కూర్చున్నాను. కాసేపటికి రామారెడ్డి నుంచి ఒక బడిపంతులు వచ్చాడు. పిల్లల మార్కులు రాసుకోవడానికి కంప్యూటర్ కావాలట. సేటు సీడీ పెట్టబోయాడు. "మార్కులకు పాటలెందుకు సార్?" అని నేనడిగాను. అడగడమే కాదు, ఆయనకు ఏం కావాలో, ఏం అక్కర్లేదో విడమరచి చెప్పాను. పంతులు స్పీకర్లు వద్దన్నాడు. తర్వాత ఒక రైసు మిల్లు గుమాస్తా వచ్చాడు. ఆయనకూ చెప్పాను. ఆయన కలర్ తెర కూడా వద్దన్నాడు. మూడో మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే సేటు నా దగ్గరికి వచ్చి వంగి నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వు గిట్ల కూసుంటే నా దుకాణం నడుస్తదా?"

"మా ఇన్‌స్టిట్యూట్ గూడ నడుస్త లేదు" అన్నాను.

ఒక ఆఫీసువాళ్లు కొత్తది కొని వదిలేసిన లేజర్ ప్రింటర్ లోపలి గదిలో ఉంది. దాన్నీ, తెలుపు నలుపు మానిటర్‌నూ బయటికి తెచ్చాడు. తెలుగు అక్షరాలు తీసి చూపిస్తే తప్ప కదలనన్నాను. కాగితం వెచ్చగా బయటికి వచ్చింది. అక్షరాలు నల్లగా, నిండుగా ఉన్నాయి. పెట్టెలు బస్సు దాకా మనిషితో పంపిస్తూ సేటు, నెలకు ఇంత ఇస్తాను, వచ్చి నా దుకాణంలోనే కూర్చో, కానీ కొనేవాళ్ల పక్కన కాదు, నా పక్కన అన్నాడు. మొట్టమొదటిసారి ఆయన నా మొహం చూసి మాట్లాడాడు. నేను మాత్రం జవాబు ఆయన గుమాస్తాకు చెప్పి వచ్చేశాను.

సాయంత్రం బావ వచ్చి ఆ బూడిదరంగు తెరను చూసి, ఇంట్లో ఎవరో పోయినట్టు నిలబడ్డాడు. రంగేది, పాటేది అని అడిగాడు. "పని ఉన్నది" అన్నాడు బాపు. తర్వాత బావ నాతో మాట్లాడటం మానేశాడు, ఆయన మానేశాడు కాబట్టి అక్క కూడా మానేసింది. అది నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వేరే ఉంది. లింగంపేట రైతు బిడ్డ లగ్గం పత్రిక చక్కగా తయారయ్యాక, దాని నకలు ఒకటి జేబులో పెట్టుకుని బావ బస్టాండు హోటల్లో అందరికీ చూపించి, ప్రింటర్‌తో సహా తానే ఎంచి తెచ్చానని చెప్పాడు. ఊరంతా నమ్మింది. 'మీ బావ మంచి మిషన్ తెచ్చిండు' అని దారిలో ఆపి మరీ నాకే చెప్పారు.

అయితే, కార్డు అచ్చుకు పోయే ముందే నేను ఒక పని చేసి పెట్టుకున్నాను. దాని అడుగున, అక్షరాలు కూర్చినది ఫలానా అని నా పేరు పెట్టాను. అది కూడా చాటుగా, చిన్నగా కాదు. పెళ్లికూతురు మేనమామల పేర్ల కంటే ఒక పిసరు లావుగా. ఎల్లారెడ్డి, లింగంపేట మండలాల ప్రజలకు ఈ పని ఎవరిదో తెలియాలి కదా.

రైతు పిలిస్తే ఆ లగ్గానికి పోయాను. కార్డు చదివిన చుట్టాలందరికీ నా పేరు కనబడింది గానీ దాని ముందున్న మాటలు కనబడలేదు, అందుకే మేనమామల కింద అంత లావుగా పేరున్న ఈ పిల్ల ఎవరో తెలియలేదు. పెళ్లికూతురి చిన్నమ్మ వరస అయి ఉంటుందని వాళ్లలో వాళ్లే అనుకున్నారు. నన్ను తీసుకెళ్లి ఆడపెళ్లివాళ్ల వరసలో కూర్చోబెట్టారు. అప్పగింతల్లో ఏడవమన్నారు. పక్కవాళ్లు ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. వచ్చేటప్పుడు పెళ్లికూతురు తల్లి బొట్టు పెట్టి, రైక బట్ట చేతిలో పెట్టింది. నేను వద్దంటే ఆమె ఒప్పుకోలేదు. "పత్రికల పేరున్న బిడ్డవు, ఉత్త చేతులతోటి పంపుతమా?" అంది.

ఆ ఇంటివాళ్లు ఈనాటికీ నన్ను చిన్నమ్మ అనే పిలుస్తారు, వాళ్ల పిల్లల పిల్లలు కూడా. ఇప్పుడు తలచుకుంటే, ఆ సాయంత్రం లింగంపేటలో బస్సెక్కిన పిల్ల కనబడుతుంది. కళ్ల కింద కాటుక కారి ఉంది, ఒళ్లో రైక బట్ట ఉంది. అంతమంది మర్యాద చేశారు, అంతమంది దగ్గరికి తీసుకున్నారు, ఒక్కరైనా ఆ అక్షరాలు బాగున్నాయని అనలేదేమిటని ఎల్లారెడ్డి దాకా మూతి ముడుచుకునే ఉంది.